కడుపునొప్పి వెనుక ఉన్న మాట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

పిల్లల మానసిక సమస్యలను మొదట చూసేది మానసిక వైద్య నిపుణులు కారని, జ్వరానికీ దగ్గుకూ మనం వెళ్లే సాధారణ వైద్యులేనని, అందుకు తగిన శిక్షణ వారికి అందవలసి ఉందని గత సంచికలో రాశాను. ఆ వ్యాసానికి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈసారి తీసుకుంటున్నాను. రెండో ఉత్తరానికి ఇచ్చిన సమాధానం మిగిలినవాటి కంటే చాలా పెద్దది. అసలు చిక్కు అక్కడే ఉన్నందువల్ల దానిని కుదించడానికి మనసు ఒప్పలేదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. నాలుగు నెలల పాటు ప్రతి ఉదయం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయేవాడు. రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయి, ఏమీ లేదని డాక్టర్ గారు పంపించేశారు. అది ఆందోళన వల్ల వచ్చే నొప్పి అని మరో ఆరు నెలలకు గానీ తెలియలేదు. అప్పటికే వాడు బడికి వెళ్లడం పూర్తిగా మానేశాడు. మేము మొదట వెళ్లిన డాక్టర్ గారికి ఆ మాత్రం ఎందుకు తెలియలేదు? వైద్యవిద్యలో ఇది చెప్పరా? — ఒక తల్లి

అమ్మా, మీ ఆవేదనలో న్యాయం ఉంది. అయినా మీ డాక్టర్ గారు అశ్రద్ధ చేశారని నేను అనుకోవడం లేదు. నొప్పికి శరీరంలో కారణం ఉందేమోనని వెతకడం ఆయన విధి, ఆ పని ఆయన చేశారు. పరీక్షలన్నీ బాగున్నాయని తేలిన తరువాత వేయవలసిన అడుగు దగ్గర ఆయన ఆగిపోయారు. స్కానింగ్‌లో ఏమీ కనబడనంత మాత్రాన పిల్లవాడికి ఏమీ లేదని కాదు. ఆందోళనతో వచ్చే కడుపునొప్పి నటన కాదు, అది నిజంగా నొప్పే.

ఆ తరువాతి అడుగు చాలా చిన్నది. నొప్పి ఏ వేళకు మొదలవుతుంది, సెలవు రోజుల్లోనూ వస్తుందా, నిద్రలోంచి లేపేస్తుందా, రాత్రి ఒంటరిగా పడుకోగలడా, అమ్మ కళ్లెదుట లేకపోతే ఏం జరుగుతుందని భయపడతాడు అన్న ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. బడి ఉన్న రోజు తెల్లవారగానే మొదలై, బడి వేళ దాటిపోగానే తగ్గి, సెలవుల్లో పత్తా లేకుండా పోయే నొప్పి తన సంగతి తానే చెబుతుంది. పరీక్షలతో పాటే ఈ ప్రశ్నలూ అడగడం అలవాటైన వైద్యుడు మీ బాబు విషయం మొదటి నెలలోనే పసిగట్టి ఉండేవారు.

ఇక వైద్యవిద్య సంగతి. చాలా చోట్ల విద్యార్థి మానసిక వైద్య విభాగంలో గడిపేది కొద్ది వారాలు మాత్రమే, అక్కడ అతడు చూసేదీ ఎక్కువగా తీవ్ర స్థితిలో చేరిన పెద్దవాళ్లనే. పిల్లల విభాగానికి వెళితే న్యుమోనియా, విరేచనాలు, టీకాలు, ఎదుగుదల నేర్పుతారు. పిల్లల మనసు ఈ రెండు విభాగాల మధ్య ఎవరికీ చెందని విషయంగా మిగిలిపోతుంది. ఇది కొత్త సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు కొలంబియా, భారత్, ఫిలిప్పీన్స్, సూడాన్ దేశాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 5 నుంచి 15 ఏళ్ల పిల్లలను పరిశీలించి, ఒక్కో చోట 12 నుంచి 29 శాతం మందిలో మానసిక సమస్యలు ఉన్నాయని 1981లో ప్రకటించారు. వారిలో అత్యధికులను అక్కడి సిబ్బంది గుర్తించలేకపోయారు. ఆ పిల్లల్లో చాలామంది మీ బాబు లాగే ఒంటి బాధ చెప్పుకుని వచ్చినవాళ్లే. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మానసిక రుగ్మతలలో సగం 14 ఏళ్ల లోపే మొదలవుతాయని 2005లో రొనాల్డ్ కెస్లర్ బృందం తేల్చింది. ఆ వయసులో పిల్లలను తరచుగా చూసేది నిపుణులు కారు, మీరు వెళ్లిన డాక్టర్ గారి వంటివారే.

ప్రశ్న: నేను రోజుకు అరవై మందిని చూసే సాధారణ వైద్యుణ్ని. పిల్లల మానసిక ఆరోగ్యంపై రెండు రోజుల శిక్షణకు హాజరయ్యాను. శ్రద్ధగా రాసుకున్నాను, చివరి పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఏడాది గడిచింది. నిజం చెప్పాలంటే నా పద్ధతి ఏమీ మారలేదు. అనుమానం వచ్చిన పిల్లలను నిపుణుల దగ్గరికి వెళ్లమని చీటీ రాస్తున్నాను, వారిలో చాలామంది వెళ్లడం లేదని నాకు తెలుసు. లోపం నాలో ఉందా, శిక్షణలో ఉందా? — ఒక వైద్యుడు

డాక్టర్ గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు ముందుగా కృతజ్ఞతలు. లోపం శిక్షణలోనే ఉంది. ఏళ్ల తరబడి శిక్షణలు ఇచ్చినవాడిగా అందులో నా పాలూ ఉందని ఒప్పుకోవాలి. తొలి రోజుల్లో నేను కూడా రెండు రోజుల పాటు స్లైడ్లు చూపించి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి పంపినవాణ్నే. కుంగుబాటు లక్షణాలు చెప్పమంటే వాళ్లంతా తడుముకోకుండా చెప్పేవారు, కానీ తిరిగి వెళ్లాక ఒక్క పిల్లవాడిని కూడా ఆ ప్రశ్నలు అడిగేవారు కారు. విషయం తెలియక కాదు. ఆ మాటలు నోటి నుంచి రావడానికి అలవాటు కావాలి, వచ్చిన జవాబును ఏం చేయాలో తోచనప్పుడు అడగడానికి ఒక మనిషి కావాలి. ఈ రెండూ రెండు రోజుల ఉపన్యాసంతో వచ్చేవి కావు.

మొదటిదాని గురించి ఒక శిక్షణ తరగతిలో జరిగినది చెబుతాను. ఇద్దరు వైద్యులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకామె పదిహేనేళ్ల అమ్మాయిగా నటిస్తోంది, రెండో ఆమె ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న వైద్యురాలు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడమే ఆనాటి అభ్యాసం. ఆ వైద్యురాలు నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి అడిగింది, చదువు గురించి అడిగింది. అసలు ప్రశ్న దాకా మూడుసార్లు వచ్చి మూడుసార్లూ పక్కకు తప్పుకుంది. చివరికి గొంతు తగ్గించి, “అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదమ్మా?” అంది. అమ్మాయి పాత్రలో ఉన్నామె వెంటనే “లేవండి” అంది. అక్కడ ఆపి ఆ వాక్యాన్ని బోర్డు మీద రాశాం. ‘పిచ్చి’ అన్న మాటతో ఆ ఆలోచన సిగ్గుపడవలసినదని చెప్పేశాం, ‘లేవు కదా’ అన్న మాటతో మనకు ఏ జవాబు కావాలో కూడా చెప్పేశాం. ఇక ఆ పిల్ల ఏమని చెప్పగలదు?

రెండోసారి ఆమె ఇలా అడిగింది: “మనసు ఇంత బరువుగా ఉన్నప్పుడు కొంతమందికి బతకాలనిపించదు. నీకు ఎప్పుడైనా అలా అనిపించిందా?” అడిగి ఊరుకుంది. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టమని ముందే చెప్పాం. నాలుగో అంకె దగ్గర అవతలి వైపు నుంచి “అప్పుడప్పుడు” అన్న మాట వచ్చింది. నటిస్తున్నామె తరువాత చెప్పినది నేను మరిచిపోలేదు. మొదటి ప్రశ్నకు అబద్ధం చెప్పడం తేలికైందని, రెండో ప్రశ్న తరువాత వచ్చిన మౌనంలో అబద్ధం చెప్పడం కష్టమైందని అంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లం అవుతామేమో అన్న భయం ఆ గదిలో దాదాపు అందరికీ ఉంది. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు స్పష్టంగా చూపించాయి. అయినా ఆ వాక్యాన్ని చదివి ఒప్పుకోవడం వేరు, సొంత నోటితో పదిసార్లు పలికి గొంతుకు అలవాటు చేయడం వేరు. మీ రెండు రోజుల శిక్షణలో ఎంతసేపు మీరు వింటూ కూర్చున్నారో, ఎంతసేపు మీరు స్వయంగా అడిగి చూశారో ఒకసారి గుర్తు చేసుకోండి.

రెండోది, శిక్షణ ముగిశాక మీకు అండగా ఉండే మనిషి. పిల్లల మానసిక సమస్యలపై సాధారణ వైద్యులకు శిక్షణ ఇచ్చేందుకు అమెరికాలో పీటర్ జెన్సన్ స్థాపించిన రీచ్ ఇన్‌స్టిట్యూట్ మూడు రోజుల తరగతులతో ఆపేయలేదు. ఆ తరువాత ఆరు నెలల పాటు, నెలకు రెండుసార్లు, వైద్యులు తమ తమ కేసులను నిపుణులతో ఫోన్‌లో చర్చించే ఏర్పాటు చేసింది. మసాచుసెట్స్ రాష్ట్రం 2004 నుంచి మరో దారి పట్టింది. పిల్లలను చూసే ప్రాథమిక వైద్యులు ఒక నంబరుకు ఫోన్ చేస్తే, సుమారు అరగంటలో పిల్లల మానసిక వైద్య నిపుణులు తిరిగి మాట్లాడతారు. నా దృష్టిలో ఇదే అన్నింటికంటే మంచి తరగతి గది. బిడ్డ బయట కూర్చుని ఉండగా, తన సందేహానికి తనకు దొరికిన జవాబును ఏ వైద్యుడూ మరిచిపోడు. న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా 2003లో ప్రారంభించిన ఎకో పద్ధతిదీ అదే సూత్రం. ఆయన దానిని హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టారు. దూరప్రాంతాల వైద్యులంతా వీడియోలో కలుస్తారు, ఒకరు కేసు చెబుతారు, అందరూ నేర్చుకుంటారు. తరువాత పిల్లల మానసిక వైద్యానికీ ఆ పద్ధతిని వాడుకున్నారు.

మీరు పైకి అనకపోయినా అరవై మంది రోగుల మాటలో ఉన్నది సమయం గురించిన ప్రశ్న. ఒక్క రోజులో, ఒక్క సందర్శనలో అంతా తేల్చనక్కరలేదు. పేరు పెట్టదగిన రుగ్మత ఉందో లేదో తేలక ముందే చేయగలిగిన మేలు చాలా ఉంటుంది. బిడ్డనూ తల్లినీ విడివిడిగా పలకరించడం, ఇద్దరికీ ఇబ్బందిగా ఉన్న ఒక్క విషయాన్ని ఎంచుకోవడం, వచ్చే వారానికి ఒక చిన్న ప్రయత్నం ఒప్పందం చేసుకోవడం, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీతో సహా చెప్పడం అలాంటివే. లారెన్స్ విస్సో బృందం 58 మంది వైద్యసిబ్బందిపై, వారి దగ్గరికి వచ్చిన 418 మంది పిల్లలపై చేసిన అధ్యయనాన్ని 2008లో ప్రచురించింది. అందులో శిక్షణ అంటే మూడు గంటల చర్చ, ప్రతి గంట తరువాతా రోగులుగా నటించేవారితో అభ్యాసం, అంతే. ఆరు నెలల తరువాత చూస్తే తల్లిదండ్రుల సొంత మనోవేదన తగ్గింది, మైనారిటీ వర్గాల పిల్లలకు రోజువారీ జీవితంలో ఉన్న ఇబ్బంది మరింతగా తగ్గింది. నేర్పించినది మందుల పేర్లు కాదు, మాట్లాడే తీరు.

అందువల్ల మీకు నా సూచన ఇది. మళ్లీ మరో రెండు రోజుల శిక్షణకు వెళ్లకండి. మీకు పరిచయమున్న ఒక పిల్లల మానసిక వైద్యులతో వారానికి అరగంట ఫోన్‌లో మాట్లాడేలా ఒప్పందం చేసుకోండి. ఇద్దరు ముగ్గురు తోటి వైద్యులు కలిస్తే మరీ మంచిది. వారానికి ఒక్క కేసు, అర పేజీ మించకుండా రాసుకుని వెళ్లండి. మొదటి మూడు నెలలు ఆందోళనను, బడికి వెళ్లనని మొండికేయడాన్ని మాత్రమే తీసుకోండి. మిగిలినవి వాటి వెనకే వస్తాయి. నిపుణుల దగ్గరికి పంపవలసి వచ్చినప్పుడు చీటీతో సరిపెట్టకుండా, తల్లిదండ్రుల ఎదుటే ఆ నిపుణులకు ఫోన్ చేసి సమయం తీసుకోండి. రెండు వారాల తరువాత వెళ్లారో లేదో మీ సిబ్బంది చేత కనుక్కోండి. అంతకుముందు చీటీ తీసుకుని ఆగిపోయిన కుటుంబాలలో కొన్నయినా అప్పుడు గడప దాటుతాయి.

శిక్షణలు ఏర్పాటు చేసే అధికారులు ఈ శీర్షిక చదువుతూ ఉంటే వారికి ఒక మనవి. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న లెక్కతో పాటు, శిక్షణ పొందినవారు ఆరు నెలల తరువాత ఎంతమంది పిల్లలను అడిగారు, ఎంతమందిని మళ్లీ రప్పించుకున్నారు అన్న లెక్క కూడా తీయండి. అలాగే ఫోన్‌లో సలహా ఇచ్చే నిపుణుల గంటలకూ, వాటికి హాజరయ్యే వైద్యుల గంటలకూ జీతం కట్టండి. ఎవరి తీరిక వేళల మీదో ఆధారపడిన ఏర్పాటు మొదటి ఏడాది దాటి నిలవడం నేను చూడలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. కుంగుబాటు ఉందని మా కుటుంబ వైద్యులు చెప్పి, అవసరమైతే మందు తానే మొదలుపెడతానన్నారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ పిల్లల మెదడు మీద పనిచేసే మందును నిపుణులు కానివారు రాయవచ్చా? శిక్షణ పేరుతో పిల్లలందరికీ మాత్రలు అలవాటు చేస్తారేమోనని భయంగా ఉంది. — ఒక తండ్రి

మీ భయం సహజమైనది, దానిని మీ డాక్టర్ గారి ఎదుటే చెప్పండి. మానసిక వైద్య నిపుణులు కాని వైద్యుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక చికిత్సా మార్గదర్శిని తెచ్చింది. పిల్లల, కౌమారుల సమస్యలకు అందులో ప్రత్యేక భాగమే ఉంది. ఆ భాగంలో ముందు వరుసలో ఉన్నవి మాత్రలు కావు. సమస్యను కుటుంబానికి వివరించడం, పిల్లలతో మెలగవలసిన తీరు తల్లిదండ్రులకు నేర్పడం, బడితో మాట్లాడడం, నిద్ర, ఆట, దినచర్య సరిచేయడం ముందు వస్తాయి. మంచి శిక్షణ పొందిన వైద్యుడు మందు ఎప్పుడు రాయకూడదో కూడా నేర్చుకుని వస్తాడు.

మందు అవసరమైన పిల్లలూ ఉంటారు. కుంగుబాటు ఉన్న 12 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు 439 మందిపై అమెరికాలో జరిగి 2004లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, పన్నెండు వారాల తరువాత ఫ్లూఆక్సెటిన్ అనే కుంగుబాటు మందు, మాటల చికిత్స రెండూ అందినవారిలో 71 శాతం మంది మెరుగయ్యారు. మందు ఒక్కటే తీసుకున్నవారిలో 61 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 35 శాతం మెరుగయ్యారు. అదే 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 24 పరీక్షలను కలిపి చూసి, కుంగుబాటు మందులు తీసుకున్న పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రవర్తన 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2 శాతం మందిలో కనిపించాయని హెచ్చరిక జారీ చేసింది. ఆ పరీక్షల్లో ఎవరూ ఆత్మహత్యతో మరణించలేదు. ఈ రెండు సంగతులూ నిజమే. రెండింటినీ కలిపి చూస్తే, మొదటి వారాలలో బిడ్డను తరచుగా చూడడం మందు రాయడమంత ముఖ్యమని అర్థమవుతుంది.

ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉన్న 579 మంది పిల్లలపై జరిగి 1999లో వెలువడిన మరో పెద్ద అధ్యయనాన్ని నేను వైద్యులకు తప్పక చెబుతాను. అందులో బయటి వైద్యుల దగ్గర మామూలుగా చికిత్స పొందిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి మందు అందింది. అయినా ప్రతి నెలా పిలిచి, బడి నుంచి సమాచారం తెప్పించుకుని, మోతాదు సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లలే ఎక్కువగా బాగుపడ్డారు. దాదాపు ఒకే రకం మందులతో తేడా తెచ్చింది ఆ వెంట ఉండి చూసుకోవడమే.

అందుకని మీరు మీ డాక్టర్ గారిని మూడు విషయాలు అడగండి. మందు మొదలుపెట్టాక మొదటి నెలలో అమ్మాయిని ఎన్నిసార్లు చూస్తారు? ఏ మార్పు కనిపిస్తే రాత్రివేళ అయినా మేము ఫోన్ చేయాలి? మీకు సందేహం వస్తే ఏ నిపుణులతో మాట్లాడతారు? మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన వైద్యుడిని నమ్మవచ్చు. లేని మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకుండా అతిగా ఉత్సాహపడడం, తిండి మానేసి బరువు బాగా తగ్గిపోవడం, ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఉండడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా నిపుణుల దగ్గరికి వెళ్లవలసిందే. ఆ హద్దు ఎక్కడుందో తెలిసి ఉండడం కూడా శిక్షణలో భాగమే.

ప్రశ్న: నేను క్లినిక్‌లో నర్సును. కౌమార వయసు పిల్లల చేత బయటి హాలులోనే ప్రశ్నల పత్రం నింపిస్తున్నాం. నిన్న ఒక అబ్బాయి చనిపోతే బాగుండునన్న వరుసలో ‘దాదాపు ప్రతిరోజూ’ అని గుర్తు పెట్టాడు. పత్రాన్ని ఫైలులో పెట్టి డాక్టర్ గారి బల్ల మీద ఉంచాను. రద్దీలో ఆయన చూశారో లేదో నాకు తెలియదు. నేను చేసినది సరైనదేనా? — ఒక నర్సు

అమ్మా, ఇది చదువుతున్న క్షణంలోనే ఫోన్ తీసి ఆ కుటుంబంతో మాట్లాడండి, డాక్టర్ గారికి నోటితో చెప్పండి. ఇందులో మీ తప్పు కంటే ఏర్పాటులోని లోపమే పెద్దది. ప్రశ్నల పత్రాలు రోగనిర్ధారణ చేయవు. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 ప్రశ్నల పత్రమైనా, మీరు వాడుతున్నదైనా, ఎవరితో ఇంకా మాట్లాడాలో చూపించడానికే పనికొస్తాయి. మాట్లాడే ఏర్పాటు లేకుండా పత్రం నింపించడం ఆ పిల్లవాడు ధైర్యం చేసి చెప్పిన మాటను ఫైలులో పెట్టి మూసేయడమే అవుతుంది.

పత్రం నింపిన వెంటనే, పిల్లవాడు కుర్చీలోంచి లేవక ముందే, ఆ ఒక్క వరుసను మీరే చూడాలి. గుర్తు ఉంటే అతడిని ఒంటరిగా వదలకుండా లోపలి గదిలో కూర్చోబెట్టి, వరుసలో ఎంతమంది ఉన్నా అతడినే ముందుగా లోపలికి పంపాలి. డాక్టర్ గారు అతడితో కొంతసేపు విడిగా మాట్లాడాలి. చెప్పినవన్నీ గుప్తంగా ఉంచుతామని, ప్రాణానికి ప్రమాదమున్న మాటను మాత్రం అమ్మానాన్నలతో పంచుకోక తప్పదని మాట మొదలుపెట్టక ముందే అతడికి తెలియజేయాలి. ఆలోచన మాత్రమేనా, ఎలా అన్నది కూడా అనుకున్నాడా, ఇంతకుముందు ప్రయత్నించాడా అన్నవి అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగుమందులు, పదునైన వస్తువులు తాళం వేసి ఉంచమని తల్లిదండ్రులకు ఆ రోజే చెప్పాలి. ఇంటికి పంపడం క్షేమమని డాక్టర్ గారు నిర్ణయిస్తే, మర్నాడు ఉదయం ఎవరు ఫోన్ చేస్తారో, ఆ పేరు ఫైలు మీద రాసి ఉండాలి. ఇదంతా మీ క్లినిక్‌లో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించే వరకు, ఆ ప్రశ్నల పత్రం నింపించడం ఆపమని డాక్టర్ గారిని అడగండి.